చేతికి నేర్పవలసిన చదువు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నీ వృత్తి గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. నేను మెకానికల్ ఇంజనీరుని. కానీ పనిచేసేది కార్లతోనో పంపులతోనో కాదు. విరిగిన ఎముకల్ని పట్టి ఉంచే ప్లేట్లు, స్క్రూలు, వాటిని బిగించే పనిముట్లు తయారుచేసే కర్మాగారంలో ఇరవై ఏళ్ళు దాటింది. ఆ సామాను ఎలా వాడాలో కుర్ర సర్జన్లకు పెద్ద సర్జన్లు శిక్షణ ఇస్తుంటారు. ఆ శిబిరాలకు పెట్టెలు మోసుకెళ్ళి, గది వెనకాల నిలబడి, ఏ పనిముట్టు ఎందుకు మొరాయిస్తోందో చూడటం నా ఉద్యోగంలో ఒక భాగం. నేను డాక్టర్ని మాత్రం కాను. సభ అయ్యాక మోకాళ్ళ నొప్పులకు మందు అడగొద్దని ముందే మనవి.

ఈ రోజు నేను చెప్పబోయేది, చెయ్యో మణికట్టో విరిగితే దాన్ని సరిచేసే విద్యను సర్జన్లు ఎలా నేర్చుకుంటారన్నది. ఇందులో మన బడికి సంబంధించిన మాట ఒకటి ఉంది. అది చివర్లో చెబుతాను.

ఒక్కసారి మీ కుడిచెయ్యి ముందుకు చాపి చూసుకోండి. అందులో 27 ఎముకలున్నాయి. మణికట్టులో గులకరాళ్ళలాంటివి 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. రెండు చేతులూ కలిపితే 54. ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో నాలుగోవంతుకు పైగా ఇక్కడే ఉన్నాయి. వాటి చుట్టూ నరాలు, రక్తనాళాలు, వేళ్ళను లాగే స్నాయువులు, అంటే మన భాషలో తీగలు, ఇరుగ్గా సర్దుకుని ఉంటాయి. తొడ ఎముక విరిగితే దానిపైన దట్టమైన కండ ఉంటుంది, ప్లేటు అందులో దాక్కుంటుంది. చేతిలో ఆ సౌకర్యం లేదు. ఎముక మీద ప్లేటు పెడితే ఆ ప్లేటు మీదుగానే తీగ రోజుకు వేలసార్లు జారాలి. కాబట్టి ఇక్కడ ఒక మిల్లీమీటరు చాలా పెద్ద కొలత.

ఇప్పుడు బొటనవేలిని పైకెత్తి చూడండి. దాని మొదట్లో రెండు తీగల మధ్య చిన్న గుంట పడుతుంది. ముక్కుపొడుం పీల్చే తాతలు చిటికెడు పొడుం పోసుకునేది అక్కడే. ఇంగ్లీషు డాక్టర్లు కూడా దాన్ని పొడుం డబ్బా అనే పిలుస్తారు. ఆ గుంట అడుగున పడవ ఆకారంలో స్కాఫాయిడ్ అనే ఎముక ఉంటుంది. మోటారుసైకిలు మీద నుంచి పడి చెయ్యి ఆనించిన కుర్రాళ్ళలో విరిగేది చాలాసార్లు ఇదే. దీని సమస్య మన డెల్టా రైతులకు బాగా అర్థమవుతుంది. దీనికి రక్తం ఎక్కువగా వేళ్ళ వైపు కొస నుంచి ప్రవేశించి మోచేతి వైపు కొసకు వెనక్కి పారుతుంది. అంటే ఆ వెనక కొస కాలువ చివరి శివారు భూమి. మధ్యలో గట్టు తెగితే శివారుకు నీరందదు. ఎముక ముక్క ఎండిపోతుంది, అతుక్కోదు, కొన్నేళ్ళకు మణికట్టు కీలు అరిగిపోతుంది. పైగా ఈ విరుపు మొదటిరోజు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. అందుకే శిక్షణలో మొదట నేర్పేది ఫిల్మ్ చూడటం కాదు, ఆ గుంటలో వేలితో నొక్కి చూడటం. అక్కడ నొప్పి ఉంటే, ఫిల్మ్ బాగున్నా కట్టు కట్టి, పది పధ్నాలుగు రోజుల్లో మళ్ళీ ఫిల్మ్ తీయాలి, లేదా స్కానింగ్ చేయించాలి.

వేలితో తెలుసుకునే ఈ విద్య పాతది. మణికట్టు దగ్గర ముంజేతి ఎముక విరిగి వెనక్కి వంగడాన్ని డబ్లిన్ సర్జను అబ్రహాం కాలిస్ 1814లో వర్ణించాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. రాంట్‌జన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అంటే అంతకు ఎనభై ఏళ్ళ ముందే, లోపలికి చూసే సాధనం ఏదీ లేకుండా, చేతిస్పర్శతో, చూపుతో ఆయన దాన్ని పట్టుకున్నాడు.

తర్వాత సాధనాలు వచ్చాయి. జర్మన్ సర్జను మార్టిన్ కిర్ష్‌నర్ 1909లో సన్నటి ఉక్కు తీగల్ని ఎముకలోకి గుచ్చి పట్టి ఉంచే పద్ధతి తెచ్చాడు. వాటినే ఇప్పుడు కె-వైర్లంటాం. ఇక ప్లేట్ల కథలో మావాడొకడున్నాడు. 1958లో స్విట్జర్లండ్‌లోని బీల్ పట్టణంలో మారిస్ ముల్లర్ మొదలైన సర్జన్లు ఎముకల్ని లోహంతో బిగించే విద్యను శాస్త్రీయంగా అధ్యయనం చేయాలని ఒక సంఘం పెట్టుకున్నారు. సామాను చేసిపెట్టేవాడి కోసం ముల్లర్ వెతుక్కుంటూ వెళ్ళింది రాబర్ట్ మాథిస్ దగ్గరికి. ఆయన బెట్‌లాక్ అనే ఊళ్ళో చిన్న వర్క్‌షాపు నడుపుకునే లోహపు పనివాడు. రెండేళ్ళకు, 1960లో, దావోస్‌లో ఆ సంఘం మొదటి శిక్షణ తరగతి పెట్టింది. పేరున్న సర్జన్లు వచ్చి, బల్లల ముందు నిలబడి, ఎముకల మీద డ్రిల్లు పట్టుకుని అభ్యాసం చేశారు. పెద్దవాళ్ళు మళ్ళీ బల్ల ముందు నిలబడటానికి సిగ్గుపడకపోవడం ఆ తరగతి గొప్పతనమని నేననుకుంటాను. ఇవాళ ప్రపంచమంతా జరిగే శిబిరాలు ఆ నమూనాలోనివే.

శిబిరంలో ఏం జరుగుతుందో చెబుతాను. పొడుగాటి బల్లలు. ప్రతి ఇద్దరికీ ఒక వైస్, ఒక డ్రిల్లు, ఒక ప్లాస్టిక్ ఎముక. ఎముక పైన గట్టి పెంకు, లోపల నురగ. నిజమైన ఎముక కూడా అంతే, చెరుకు గడలాగా పైన గట్టి, లోపల మెత్తన. డ్రిల్లు దగ్గరి పెంకును దాటుతుంది, మెత్తటిదాన్ని దాటుతుంది, అవతలి పెంకును తాకుతుంది. అది తెగే క్షణంలో చెయ్యి ఆగాలి. ఆగకపోతే బిట్టు అవతల ఉన్న నరంలోకో తీగలోకో దూసుకుపోతుంది. ఆ క్షణం కంటికి కనపడదు. శబ్దం మారుతుంది, చేతికి బరువు మారుతుంది. పుస్తకంలో ఎన్ని పేజీలు చదివినా అది తెలియదు. డ్రిల్లు వేడెక్కకుండా సెలైన్ చుక్కలు పోస్తూ ఉండాలి, ఎందుకంటే దాదాపు 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక నిమిషం తగిలినా ఎముక కణాలు దెబ్బతింటాయి. వేళ్ళ ఎముకల్లో వాడే స్క్రూలు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల లావువి. మామూలు స్క్రూడ్రైవరు తిప్పినట్టు తిప్పితే మర పోతుంది. రెండు వేళ్ళతో పట్టుకుని, బిగిసిందనగానే వదలాలి.

మణికట్టు ప్లేటు దగ్గర ఇంకో సంగతి. 2000 ప్రాంతాల్లో అమెరికాలోని మయామిలో పనిచేసే సర్జను హోర్హే ఓర్బాయ్, అరచేతి వైపు నుంచి పెట్టే లాకింగ్ ప్లేటును ప్రచారంలోకి తెచ్చాడు. స్క్రూ తలకు కూడా మర ఉండి అది ప్లేటులోనే బిగుసుకుంటుంది కాబట్టి, బల్లకు కాళ్ళు బిగించినట్టు నిలుస్తుంది. వయసు మళ్ళినవాళ్ళ గుల్ల ఎముకలో కూడా పట్టు వదలదు. మంచి సాధనమే. కానీ స్క్రూ ఒక మిల్లీమీటరు పొడుగైతే, చేతి వెనక వైపు కొస పొడుచుకొచ్చి, బొటనవేలిని ఎత్తే తీగను రంపంలా కోస్తుంది. రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు అంతా బాగానే ఉంటుంది. కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున బొటనవేలు లేవదు. ఎముక వెనక భాగం చదునుగా ఉండదు, మధ్యలో ఒక గుట్ట ఉంటుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ఆ గుట్ట నీడ స్క్రూ కొసను దాచేస్తుంది. అందుకే కొలతకు వచ్చినదానికన్నా రెండు మిల్లీమీటర్లు తక్కువ స్క్రూ వేయమనీ, చెయ్యి వంచి అంచు మీదుగా ఇంకో చిత్రం తీయమనీ నేర్పుతారు. ప్లేటు కూడా ఒక గీత దాటి వేళ్ళ వైపుకు పోకూడదు, పోతే ముందు వైపు తీగ కోసుకుపోతుంది. ఆ గీత పేరు వాటర్‌షెడ్ లైను. మన మెట్ట ఊళ్ళలో వాటర్‌షెడ్ పథకం చూసినవాళ్ళకు పేరు కొత్త కాదు.

లెక్కల మాస్టారు ముందు వరసలో ఉన్నారు కాబట్టి ఒక లెక్క. ఇందాక చెప్పిన స్కాఫాయిడ్‌కు పైన తల ఉన్న స్క్రూ వేస్తే ఆ తల కీలులో ఒరుసుకుంటుంది. ఆస్ట్రేలియాలో పనిచేసిన తిమోతీ హెర్బర్ట్ తల లేని స్క్రూ చేశాడు. రెండు కొసలా మర ఉంటుంది, కానీ మర జాగా వేరు. ఉదాహరణకు ముందు మర చుట్టుకు ఒక మిల్లీమీటరు ముందుకెళ్ళి, వెనక మర 0.8 మిల్లీమీటరే వెళ్తుందనుకోండి. ఒక్కో చుట్టుకూ రెండు ముక్కల మధ్య ఎడం 0.2 మిల్లీమీటరు తగ్గుతుంది. ఐదు చుట్లకు ఒక మిల్లీమీటరు. తల లేకుండానే రెండు ముక్కలూ దగ్గరికి వచ్చి నొక్కుకుంటాయి. తీసివేతతో అతికే ఎముక ఇది.

ఇంతా చెప్పి, నేను అమ్మే సామానుకే వ్యతిరేకమైన మాట ఒకటి చెప్పాలి. విరిగిన ప్రతి మణికట్టుకూ ప్లేటు అక్కర్లేదు. చాలావాటికి సరిగ్గా సర్ది వేసిన పిండికట్టు చాలు. బ్రిటన్‌లో 461 మంది మీద జరిగి 2014లో వెలువడిన ఒక పరీక్షలో, కోయకుండా పైనుంచి సర్దడానికి వీలైన విరుపులకు కె-వైర్లు వేసినా ప్లేటు వేసినా ఏడాది తర్వాత చేతి పనితనంలో తేడా కనిపించలేదు. వైర్ల ఖర్చు చాలా తక్కువ. కీలు లోపలి ముక్కలు ఎగుడుదిగుడుగా విరిగితే సంగతి వేరు. ఎప్పుడు కోయకూడదో తెలియడం కూడా శిక్షణలో భాగమేనని మంచి గురువులు మొదటి గంటలోనే చెబుతారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి. మా పెదనాన్నగారి అమ్మాయి, మా అక్కయ్య, జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. చాలా ఏళ్ళ క్రితం మెట్ల మీద పడి కుడి అరచేతిలో ఉంగరపు వేలి ఎముక విరిగింది. ఒక ఆసుపత్రిలో వైర్లు వేశారు. ఎక్స్‌రే చక్కగా ఉందన్నారు, నిజంగానే చక్కగా ఉంది. కట్టు విప్పాక పిడికిలి బిగిస్తే ఆ వేలు పక్కవేలి మీదికెక్కి కూర్చుంది. కత్తెర పట్టలేదు, సూది పట్టలేదు. విరిగిన ఎముక తన చుట్టూ తాను కొంచెం తిరిగి అతుక్కుంది. ఆ తిరగడం ఎక్స్‌రేలో సరిగ్గా తెలియదు. అరచేతి ఎముక 5 డిగ్రీలు తిరిగితే వేలి కొస దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు పక్కకు పోతుందని చేతి సర్జన్ల పుస్తకాల్లో ఉంటుంది. ఇంకో ఊళ్ళో ఎముకను మళ్ళీ కోసి, తిప్పి, సరిచేశారు. మొత్తం ఎనిమిది నెలలు మిషను మూలన ఉంది. ఆ ఎనిమిది నెలల్లో ఆవిడ ఖాతాదారులు వేరే చోటికి వెళ్ళిపోయారు, అందరూ తిరిగి రాలేదు.

రెండోసారి చేసిన డాక్టరుగారు తన దగ్గర నేర్చుకునే కుర్రాడికి చెప్పిన మాట నేను పక్కనే ఉండి విన్నాను. వైరు కొస వంచే ముందు వేళ్ళు ముడిచి చూడాలట. ఒక్కొక్క వేలూ ముడిస్తే, కొసలన్నీ మణికట్టులో బొటనవేలి వైపు స్కాఫాయిడ్ దగ్గరికి చూడాలి. ఒకటి దారి తప్పితే ఎముక తిరిగినట్టే. దీనికి పైసా ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు. పక్కన ఒక గురువు ఉండి, "ముడిచి చూడు" అనాలి, అంతే. కెనడా సర్జను డొనాల్డ్ లలోండ్ దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళాడు. పూర్తి మత్తు ఇవ్వకుండా, చేతికి మాత్రమే తిమ్మిరి మందు వేసి ఆపరేషన్ చేసే పద్ధతిని ప్రచారం చేశాడు. రోగి మెలకువగా ఉంటాడు కాబట్టి బల్ల మీదనే "పిడికిలి బిగించండమ్మా" అని అడిగి చూసుకోవచ్చు.

మన దేశంలో ఈ విద్యకు మంచి వంశమే ఉంది. కొల్లి కొండల్లో పుట్టిన పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు వచ్చి, కుష్ఠువ్యాధితో వంకరపోయిన వేళ్ళను తీగలు మార్చి కదిలించాడు. ఆయన వైద్యం చదవకముందు కొన్నేళ్ళు ఇళ్ళు కట్టే పనిలో, వడ్రంగంలో శిక్షణ పొందాడు. పెద్దయ్యాక చేతి యాంత్రికశాస్త్రం మీద పుస్తకం రాశాడు. మాలాంటి ఇంజనీర్లు దాన్ని ఇప్పటికీ తిరగేస్తారు. చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో, కోయంబత్తూరు గంగా ఆసుపత్రిలో చేతి శస్త్రచికిత్సకు పేరున్న విభాగాలున్నాయి. దేశం నలుమూలల నుంచీ కుర్ర సర్జన్లు అక్కడికి నేర్చుకోవడానికి వెళ్తారు.

కానీ అందరూ అక్కడికి వెళ్ళలేరు. ఎంబీబీఎస్ తర్వాత ఎముకల పీజీ మూడేళ్ళు. పెద్దాసుపత్రుల్లో నేను చూసిన మేరకు, తొడలూ కాళ్ళూ విరిగినవాళ్ళతో ఆపరేషన్ థియేటరు నిండిపోతుంది. వేలు విరిగినవాడు జాబితాలో చివర ఉంటాడు. రాత్రి పదింటికి, అందరికన్నా చిన్న డాక్టరుకు ఆ పని వస్తుంది. పెద్దాయన అప్పటికి అలసిపోయి ఉంటారు. సర్జన్ల లోకంలో పాత సామెత ఒకటుంది: ఒకటి చూడు, ఒకటి చెయ్యి, ఒకటి నేర్పు. ఆ మధ్యలో ఉన్న "ఒకటి చెయ్యి" ఎవరి చేతి మీద? జాబితాలో చివరనున్న ఆ తాపీమేస్త్రి చేతి మీద, ఆ దర్జీ అక్కయ్య చేతి మీద. తప్పు చేయకుండా ఎవరికీ ఏ పనీ రాదు. ఆ తప్పులు జరగడానికి రోగి కన్నా ముందు ఒక బల్ల ఉండాలి. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఆ బల్లకు లక్షలు అక్కర్లేదు. విదేశీ ప్లాస్టిక్ ఎముకలు ఖరీదు. అందుకని నేనూ మా కుర్రాళ్ళిద్దరూ ఒక ఏర్పాటు చేశాం. సన్నటి పీవీసీ గొట్టం ముక్క, లోపల స్పాంజి, అవతల వైపు అతికించిన తడి బంకమన్ను. గొట్టాన్ని వైస్‌లో బిగించి రెండు గోడలకూ రంధ్రం చేయాలి. బిట్టు ఎంత దూసుకుపోయిందో బంకమన్నులో గుంట చెబుతుంది. అందులో అగ్గిపుల్ల పెట్టి కొలుస్తాం. ఒక జిల్లా కేంద్రంలో పీజీ విద్యార్థుల ముందు పెట్టాం. ఒక అమ్మాయికి మొదటి రంధ్రానికి అగ్గిపుల్ల సగం దిగింది. ఇరవయ్యో రంధ్రానికి అగ్గిపుల్ల తలంత దిగింది. "ఇప్పుడు వినబడుతోంది సార్" అంది. గొట్టమూ మన్నూ ఎముక కావు, ఆపరేషనంతా వాటితో రాదు. కానీ చెయ్యి ఆగడం అక్కడ వస్తుంది. ఆ తర్వాత గురువు పక్కన నిలబడి నిజమైన మణికట్టు మీద చేయించవచ్చు.

ఇక మన బడి సంగతి. క్రాఫ్టు పీరియడ్‌లో మాస్టారు మాకు బరమా పట్టడం నేర్పారు. నా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బిట్టు చెక్క అవతలికి రాబోతుంటే ఆయన గది అవతల నుంచి, తల ఎత్తకుండానే, "ఆపరా, చెక్క చీలుతుంది" అనేవారు. ఆయన చెవితో చూసేవారు. శిబిరాల్లో పెద్ద సర్జన్లు కుర్రవాళ్ళతో అనే మాట, అనే తీరు అచ్చం అదే. ఆ రోజుల్లో క్రాఫ్టుకు మార్కులు లేవని మేం తేలిగ్గా తీసుకునేవాళ్ళం. నా జీవితంలో అన్నం పెట్టిన పాఠాల్లో అదొకటి.

నిన్న సాయంత్రం వచ్చి చూశాను. ఆ గదికి తాళం ఉంది. లోపల విరిగిన బెంచీలు పేర్చారు. ప్రధానోపాధ్యాయులవారిని తప్పుపట్టడం లేదు. టీచరు పోస్టు ఎప్పుడో పోయింది, పరీక్షల ఒత్తిడి వేరే ఉంది. స్వర్ణోత్సవ నిధితో ఏం చేద్దామని మధ్యాహ్నం సమావేశంలో చర్చకు వస్తుందని విన్నాను. ఆర్చి కడదామని కొందరు, వాటర్ ప్లాంటు పెడదామని కొందరు అంటున్నారు. వాటర్ ప్లాంటుకు నా చెయ్యి ఎత్తుతాను. ఆర్చి బదులు ఆ గది తాళం తీయిద్దాం. పది వైస్‌లు, పది చేతి డ్రిల్లులు, రంపాలు, చిత్రికలు నేను తెచ్చి పెడతాను. వారానికి రెండు పూటలు నేర్పడానికి మన ఊరి వడ్రంగి మేస్త్రిగారికి గౌరవంగా జీతం ఇవ్వగలిగితే చాలు. ఆ పిల్లల్లో ఒకరు సర్జను అవుతారని నేను చెప్పను. దర్జీ అయినా, ఎలక్ట్రీషియన్ అయినా, డాక్టరైనా, ఎంత నొక్కాలో ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి వాళ్ళకు ఉంటుంది.

ముగించే ముందు, నాలాగా యాభై దాటినవాళ్ళకు నాలుగు మాటలు. జారిపడి చెయ్యి ఆనిస్తే ముందు ఉంగరాలూ గాజులూ తీసేయండి, వాపు వచ్చాక రావు. నూనె పెట్టి మర్దన చేయించకండి. కట్టు వేశాక వేళ్ళు తెల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా రాత్రయినా సరే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కట్టులో ఉన్నా, వద్దని చెబితే తప్ప, వేళ్ళు కదుపుతూనే ఉండండి. వేలు విరిగితే, "వేళ్ళు ముడిచి చూశారా డాక్టరుగారూ?" అని మర్యాదగా అడగండి. మంచి డాక్టరు కోప్పడరు, సంతోషిస్తారు.